కత్తి పడుకునే చోటు

ఆ నర్సరీలో ఆమెను అందరూ నిమ్మక్క అంటారు. నిమ్మకు అంటు కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు వచ్చింది. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ముందు ఆమే ఎవర్నా అని పక్కకు తిరిగి చూస్తుంది. యాభై నాలుగేళ్లుంటాయి. పొట్టి మనిషి. నోరు మాత్రం పొట్టిది కాదు. ఒకసారి ఒక మాట అన్నదంటే దాన్ని వెనక్కి తీసుకున్న దాఖలా ముప్పై ఒక్క ఏళ్లలో లేదు. ఇదంతా ఆమె అలా వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన ఒక్క మాట గురించీ, దాని కోసం కొన్న ఒక మడత కత్తి గురించీ.

అంటు కట్టడం తెలియనివాళ్లకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. కింద మొండి వేళ్లున్న నాటు మొక్క ఉంటుంది. దాని తల తీసేసి, కాండాన్ని నిలువునా కొద్దిగా చీల్చాలి. మంచి కాపు కాసే చెట్టు నుంచి ఒక పుల్ల కోసుకొచ్చి, దాని మొదలును రెండు వైపులా పలుచగా చెక్కి, ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. మూడు వారాలకు పుల్ల చిగురేస్తే అంటు పట్టినట్టు. వినడానికి ఇంతే. కానీ చెక్కిన చోట వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా రెండూ కలవవు. అందుకే ఈ పనిలో చెయ్యెంతో కత్తీ అంతే.

నిమ్మక్క కత్తి ఆమె మేనమామది. పని నేర్పిందీ ఆయనే, పని మానేసిన రోజున కత్తి చేతిలో పెట్టిందీ ఆయనే. ఇత్తడి పిడి. దాని మీద ఒక తీగ, తీగకు ఆకులు, చివర ఒక పువ్వు, పువ్వు మీద వాలబోతున్న తుమ్మెద. ఎవరు చెక్కారో గానీ తుమ్మెద రెక్కల్లో ఈనెలు కూడా విడిచిపెట్టలేదు. పని లేనప్పుడు నిమ్మక్క బొటనవేలు దానంతటదే ఆ తుమ్మెద మీదికి వెళ్లేది. ఆ కత్తిని ఇంకొకరి చేతికి ఇవ్వడమన్నది లేదు. ఒకసారి మేనేజరు కవరు చింపుకోవడానికి అడిగితే, "పళ్లున్నాయి కదా మేడమ్" అని వచ్చేసింది.

మేనమామ కత్తితో పాటు ఒక ఆజ్ఞ కూడా ఇచ్చాడు. తెరిచిన కత్తి పట్టుకుని ఒక్క అడుగు కూడా నడవకూడదు. ఆయన వయసులో ఉన్నప్పుడు అలా నడిచి, కాలు జారి, సొంత తొడలోనే దింపుకున్నాడు. చివరిదాకా కుంటుతూనే నడిచాడు. అందుకని నిమ్మక్క చిన్న పీట మీద కూర్చుని, దాన్ని పక్కకు జరుపుకుంటూ ఒక వరస కట్టడం ముగించి, కత్తి మడిచి జేబులో వేసుకుని లేచేది. మళ్లీ మొదటికి నడిచి వెళ్లడం ఎందుకని అదే కొసన రెండో వరస మొదలుపెట్టి వెనక్కి కట్టుకుంటూ వచ్చేది. ఒక వరస ఎడమ నుంచి కుడికి, ఇంకో వరస కుడి నుంచి ఎడమకి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. ప్రతి మొక్క తర్వాత స్పిరిట్ గుడ్డతో కత్తి వాదర తుడుచుకోవడం కూడా ఏనాడూ తప్పలేదు.

ఆ ఏడు పదిహేను వరసలు కట్టింది. వరసకు ఇరవై చొప్పున మూడు వందల మొక్కలు. ఏ ఏడైనా పదిహేనో ఇరవయ్యో పోయేవి. అలాంటిది రెండు వారాలు తిరక్కుండానే తొంభై దాకా నల్లబడ్డాయి. కట్టు దగ్గర జిగురు కారి, పుల్లలు మాడిపోయాయి. నిమ్మక్కకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అన్నాల వేళ, రేకుల షెడ్డులో పాతిక మంది కూర్చుని ఉండగా, నీళ్లు పెట్టే మనిషి మీద ఒంటికాలి మీద లేచింది.

"బాబాయ్, నీకు మొక్కలు పెంచమని చెప్పారా, చేపలు పెంచమని చెప్పారా? అన్నన్ని నీళ్లు గుమ్మరిస్తే అంటు కుళ్లదా? నా మూడు నెలల కష్టం నీ గొట్టంలోంచి పోయింది!"

అందరూ ఆయన్ను నీళ్ల బాబాయి అంటారు. అరవై దాటాయి. మోకాళ్లు అరిగిపోయినా ఇరవై మూడేళ్లుగా ఆ మళ్లన్నిటికీ నీళ్లు ఆయనే పెట్టాడు. ఆ రోజు ఆయన అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నాడు, తర్వాత తిన్నాడు. నిమ్మక్క మాటంటే మేనేజరుకు గురి. సాయంత్రానికల్లా ఆయన్ను గేటు దగ్గర వ్యాన్లకు కుండీలు ఎక్కించే పనికి మార్చేసింది. ఆయన తన రబ్బరు బూట్లు విప్పి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, తడి కారిపోయేలా కొక్కేనికి తలకిందులుగా తగిలించి వెళ్లాడు.

సరిగ్గా పన్నెండో రోజు. నీళ్లకు పెట్టిన కొత్త మనిషి గొట్టంలో ధార రావడం లేదని గోల పెడితే, ట్యాంకు దగ్గర వాల్వు చూద్దామని నిమ్మక్క ఇనుప మెట్లెక్కింది. వాల్వు తిప్పి, దిగబోతూ కిందికి చూసింది. చచ్చిన మొక్కల కుండీలు తీసేసిన చోట్లు ఖాళీగా కనబడుతున్నాయి. మొదటి వరసలో ఖాళీ ఎడమ కొసన ఉంది. రెండో వరసలో కుడి కొసన. మూడో వరసలో మళ్లీ ఎడమన. నాలుగులో కుడిన. బూటు తాడు అల్లినట్టు పదిహేను వరసలూ అటూ ఇటూ.

ఆ మడికి వాలు కుడి పక్కకే ఉంది. నీళ్లు నిలిస్తే కుడి పక్కే నిలవాలి, పోతే అటువైపువే పోవాలి. నీళ్లకు వరస వరసకూ పక్క మార్చుకోవడం తెలియదు. అలా మార్చుకుంటూ నడిచింది ఆ మడిలో ఒక్క మనిషే. ప్రతి వరసలోనూ ఆమె మొదట కట్టిన ఆరో ఏడో మొక్కలే పోయాయి. తర్వాత కట్టినవన్నీ పచ్చగా ఉన్నాయి.

నిమ్మక్క ఆ ఇనుప మెట్టు మీదే కూలబడింది. ఎండకు మెట్టు కాలుతున్నా లేవలేదు. జేబులోంచి కత్తి తీసి, తెరవకుండా చూస్తూ కూర్చుంది. వాదరను రోజుకు వందసార్లు తుడిచింది. ఆ వాదర పడుకునే చోటును ఎప్పుడు తుడిచింది? మడిచినప్పుడల్లా అది పిడి లోపలికి పోతుంది. తెరిచినప్పుడల్లా లోపల ఉన్నదేదో పూసుకుని వస్తుంది. ఆరు మొక్కలు కోస్తే గానీ అది స్పిరిట్ గుడ్డకు పూర్తిగా వదలదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వయసులో ఆమెకు సిగ్గు కొత్త.

ఇంటికి వెళ్లగానే కూతుర్ని గుండుసూది అడిగింది. కూతురు ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగే గదిలో పనిచేస్తుంది. కత్తెరలూ పటకార్లూ ఉడకబెట్టి, లెక్క చూసి, గుడ్డలో చుట్టి పంపడం ఆ పిల్ల ఉద్యోగం. తల్లి బల్ల మీద పాత పేపరు పరిచి, కత్తి పిడి సందులోకి సూది దూర్చి గీకుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. సూది చివరికి నల్లటి జిగురు దారంలా సాగుతూ వచ్చింది. తీసేకొద్దీ వస్తూనే ఉంది. తుమ్మెద రెక్కల్లోంచి కూడా వచ్చింది.

కూతురు ముక్కు మూసుకుంది. "ఇదేంటమ్మా, ఎప్పటిది?"

"వానల్లో జిగురు రోగం వచ్చిందని ఒక తల్లి చెట్టును తగలబెట్టించారు చూడు, అంతకుముందు దాని పుల్లలు నేనే కోశాను. చెట్టు బూడిదైపోయింది. దాని రోగం మాత్రం ఇక్కడ కాపురం పెట్టింది."

"మా దగ్గర ఇలాంటి నగిషీ ఉన్న సామాను గదిలోకే రానివ్వరమ్మా. విప్పి కడగలేనిది ఏదైనా అవతల పారేయమంటారు. కత్తి మార్చేయ్, సరిపోతుంది."

"మరి బాబాయి సంగతి?"

కూతురు కత్తి కిందికి పేపరు జరిపింది. "ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు కదా. ఆ నిమ్మ పనే ఎత్తేసి, కట్టిన మొక్కలు బయట కొందామని మీ యజమాని చూస్తున్నాడని నువ్వే అన్నావు. ఇప్పుడు తప్పు నాదే అంటే నీ పని ఉంటుందా? ఈ వయసులో నువ్వు కుండీలకు మట్టి నింపుతావా?"

మాట నిజమే. అంటు కట్టే పీట పోతే నిమ్మక్కకు మిగిలేది మట్టి పారే. కానీ ఆమెకు ఆ క్షణంలో కనబడుతున్నది కొక్కేనికి తలకిందులుగా వేలాడుతున్న బూట్లు. కడిగి మరీ పెట్టి వెళ్లాడు ఆ మనిషి. చెబుతానని అక్కడే తేల్చేసుకుంది. కాకపోతే వట్టి నోటి మాటగా కాదు. ముందు తప్పు చేయని కత్తి ఒకటి చేతిలోకి రావాలి, తర్వాత అందరి కళ్లముందూ రుజువు చేయాలి. అనుకున్నాక ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు సెలవు పెట్టి కత్తుల దుకాణానికి వెళ్లింది. రెండు రద్దీ వీధులు కలిసే మూలన, పొడుగ్గా గుహలా ఉండే కొట్టు అది. గోడలనిండా కత్తెరలూ మంగలి కత్తులూ, ముందు గాజు బల్ల కింద మడత కత్తులూ ఉన్నాయి. కొట్టాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, నవ్వుతూ లేచాడు. నిమ్మక్క సంచిలోంచి స్పిరిట్ గుడ్డ, నాలుగు నిమ్మ పుల్లలు, ఒక భూతద్దం, తడి గుడ్డలో చుట్టిన గోధుమపిండి ముద్ద తీసి బల్ల మీద వరసగా పెట్టేసరికి ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

"ఏం కావాలమ్మా?"

"మడత కత్తి బాబూ. మంచిది."

ఆయన ముందు మంచివన్నీ తీశాడు. కొమ్ము పిడి మీద పులి తల ఉన్నది ఒకటి. చెక్క పిడి మీద గుర్రాలు పరిగెడుతున్నది ఒకటి. చూడగానే నిమ్మక్క ప్రాణం లేచి వచ్చింది. ఆమెకు అలాంటివే ఇష్టం మరి. చీర కొన్నా అంచులో పువ్వులుండాలి, గ్లాసు కొన్నా గీతలుండాలి. గుర్రాల కత్తిని రెండుసార్లు తిప్పి చూసింది. తర్వాత పిండి ముద్దలోంచి కొంత గిల్లి, గుర్రాల మీద పెట్టి గట్టిగా అదిమింది.

"అమ్మా! అది అమ్మకానికి పెట్టిన సరుకు!"

"తుడిచే ఇస్తాను బాబూ. తుడిస్తే పోతుందా లేదా అన్నదే నేను చూడాల్సింది."

పిండి ఊడదీసి చూపించింది. దాని మీద గుర్రాలన్నీ అచ్చు దిగాయి, కళ్లెంతో సహా. పిడిని స్పిరిట్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి భూతద్దం పెట్టింది. గుర్రాల కాళ్ల మధ్య పిండి తెల్లగా మెరుస్తోంది. "ఇది వద్దు" అని పక్కన పెట్టింది. పులిదీ అదే గతి. తర్వాత పదకొండు పనిముట్లున్న కత్తి వచ్చింది. దాంట్లో రంపం, కత్తెర, మూత తీసేది, చివరికి చెంచా కూడా ఉంది.

"దీంతో అన్నం కూడా తినొచ్చమ్మా" అన్నాడు కొట్టాయన గర్వంగా.

"అన్నం తినడానికి నాకు చెయ్యుంది. పదకొండు మంది కాపురమున్న ఇంట్లో ఎవరు శుభ్రం చేస్తారు బాబూ?"

జారకుండా గళ్లు పెట్టిన రబ్బరు పిడి వచ్చింది. పిండి మీద జల్లెడలా అచ్చు పడింది. నున్నటి చెక్క పిడి వచ్చింది. అచ్చు పడలేదు గానీ, స్పిరిట్ చుక్క వేస్తే ఇట్టే లోపలికి పీల్చేసుకుంది. స్పిరిట్ తాగింది జిగురు తాగదా? అదీ పోయింది. అలా ఐదు కత్తులు పక్కకు వెళ్లాయి. కొట్టాయనకు ముచ్చెమటలు పట్టాయి. ఇద్దరు కొనుగోలుదారులు తమ పని మానుకుని చోద్యం చూస్తున్నారు.

"అమ్మా, మీకసలు ఎలాంటిది కావాలో ఒక్క మాటలో చెప్పండి."

నిమ్మక్క ఆలోచించింది. "మురికికి తలదాచుకోవడానికి చోటివ్వనిది."

ఆయన కళ్లజోడు కిందికి దించుకుని ఆమెను కాసేపు చూశాడు. తర్వాత వంగి, అడుగు సొరుగులోంచి ఒక చిన్న అట్టపెట్టె తీశాడు. "ఆఫీసుల్లో వాళ్లు అడుగుతారని తెప్పించాను. ఎవరూ అడగలేదు. దీంట్లో చూడ్డానికేమీ లేదమ్మా" అన్నాడు, ముందే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

నిజంగానే ఏమీ లేదు. బూడిద రంగు ఉక్కు రేకులు రెండు, మధ్యలో వాదర, అన్నిటినీ పట్టి ఉంచుతూ ఒకే ఒక స్క్రూ. పువ్వు లేదు, గీత లేదు, చివరికి కంపెనీ పేరు కూడా చెక్కలేదు. రెండు రేకుల మధ్య వెనక భాగం మూసేసి లేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఈ పక్క నుంచి ఆ పక్క కనబడుతుంది. వాదర మీద బొటనవేలి కోసం గుండ్రటి కన్నం. రెండో చెయ్యి అక్కర్లేకుండానే తెరుచుకుంది. నిమ్మక్కకు అది ఏమాత్రం నచ్చలేదు. ఎంత బోసిగా ఉందో! ఆ కొసా ఈ కొసా చూసింది. వేలు ఎక్కడ ఆగాలో కూడా తెలియడం లేదు. అయినా పిండి తీసింది.

పిండి మీద స్క్రూ తల తప్ప ఇంకేమీ పడలేదు. సంచిలోంచి చిల్లర నాణెం తీసి స్క్రూ గాడిలో పెట్టి తిప్పింది. కత్తి నాలుగు ముక్కలుగా విడిపోయి ఆమె అరచేతిలో పడుకుంది. పిండిని స్క్రూ చుట్టూ, రేకుల లోపలా కావాలని పులిమి, ఒక్కో ముక్కనూ ఒక్క తుడుపు తుడిచి భూతద్దం పెట్టింది. ఎక్కడా తెల్లచుక్క లేదు. మళ్లీ తుడిచి మళ్లీ చూసింది.

"స్క్రూ పోతే దొరకదమ్మా" అన్నాడు కొట్టాయన.

"రెండు ఎక్కువివ్వు."

నిమ్మ పుల్ల తీసి చెక్కి చూసింది. చెయ్యి తడిపి మళ్లీ చెక్కింది. తడి చేతిలో కత్తి సర్రున జారింది. ఆ ఐదు కత్తుల్లోనూ లేని లోపం ఇది. నున్నగా ఉన్నది జారక ఏం చేస్తుంది? కొట్టాయనకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "చూశారా! పోనీ పిడికి టేపు చుట్టుకుంటే..."

"మళ్లీ గూడు కట్టమంటావా?" అని ఆమె పట్టు మార్చింది. చూపుడు వేలు వాదర వీపు మీదికి తెచ్చింది. చిటికెన వేలు రేకు కొసన ఆనించింది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు ఒప్పుకోలేదు, మణికట్టు లాగింది. రెండో పుల్ల వంకరగా వచ్చింది. మూడోది ఫర్వాలేదు. నాలుగోది చెక్కి, ముఖాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. అద్దంలా ఉంది.

"కట్టివ్వు" అంది.

"నిజంగా ఇదే కావాలా అమ్మా?" ఆయనకింకా నమ్మకం కుదరలేదు.

"నచ్చి కాదు బాబూ. కావాలి."

ఆ కత్తి చేసినవాళ్లు వాదరను రెండు వైపులా అరగదీశారు. అంటుకు ఒక పక్క చదునుగా ఉండాలి. రెండు సాయంత్రాలు పెరట్లో సానరాయి ముందు కూర్చుని దాన్ని దారిలోకి తెచ్చింది. మూడో రోజు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి, రెండు కత్తులూ బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఆ తొంభై మొక్కలూ చచ్చింది నీళ్లవల్ల కాదు, నా కత్తివల్ల."

మేనేజరు ముప్పై ఏళ్ల పిల్ల. కంప్యూటర్ మీంచి చూపు తిప్పి, తలుపు వైపు చూసింది. "కూర్చోండి నిమ్మక్కా. నెమ్మదిగా చెప్పండి."

నిమ్మక్క కూర్చోలేదు. కాగితం తీసుకుని పదిహేను గీతలు గీసింది, చచ్చిన చోట్ల చుక్కలు పెట్టింది, తను ఎటునుంచి ఎటు కట్టిందో బాణాలు వేసింది. బాణం మొదలైన చోటే చుక్కలు. పాత కత్తి సందులోంచి సూదితో జిగురు తీసి చూపించింది. మేనేజరు ఒక్కో బాణం వెంటా వేలు పెట్టి చూసింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"మా అమ్మాయికి తెలుసు. ఇప్పుడు మీకు."

"పైవాళ్లకు నేను రిపోర్టు పంపాలి. అంటు కట్టే దగ్గరే తప్పు జరిగిందని రాస్తే, ఈ విభాగం మూసేద్దామంటారు. మీకు తెలుసు కదా?"

"తెలుసు. అందుకే వట్టి కాగితం కాదు, మడి చూపించండి. నాకు ఎనిమిది వరసలివ్వండి. నాలుగు వరసలు పాత కత్తితో కడతాను, నాలుగు కొత్తదానితో. నీళ్లు మాత్రం గేటు పనికి వెళ్లేముందు బాబాయే పెట్టాలి, ఎప్పుడూ పెట్టినన్నే పెట్టాలి."

"పాత కత్తితో కట్టినవి చస్తాయని తెలిసే కడతారా?"

"చావకపోతే నేను చెప్పింది తప్పు. చస్తే ఆయన మీద పడ్డ మాట పోతుంది. నేను ఆ మాట పాతికమందిలో అన్నాను మేడమ్. ఈ గదిలో నలుగురికి తెలియకుండా వెనక్కి తీసుకుంటే చెల్లదు."

మేనేజరు ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో నిమ్మక్క లేచి నిలబడింది. అన్నప్పుడు ఎంత గొంతుతో అన్నదో అంత గొంతుతోనే చెప్పింది. "బాబాయ్, నీళ్ల తప్పు కాదు. నా కత్తిలో రోగం ఉంది. ఊరికే నిన్నన్నాను." ఆయన ఆమె వైపు తలెత్తి చూశాడు.

"సరే తల్లీ. నీళ్లు ఎన్నింటికి పెట్టమంటావు?" అన్నాడు. అంతే. కోపం లేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు. తిట్టి ఉంటే నిమ్మక్కకు ఆ పూట అన్నం దిగేది.

కొత్త కత్తితో వరసకు ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది. వరస అయిన ప్రతిసారీ నాణెంతో స్క్రూ విప్పి, నాలుగు ముక్కలూ స్పిరిట్‌తో తుడిచి, బిగించి, అప్పుడు మడిచి లేచేది. మేనమామ ఆజ్ఞ మాత్రం మీరలేదు. "నిమ్మక్క కత్తికి స్నానాలు చేయిస్తోంది" అని మట్టి కలిపేవాళ్లు నవ్వుకున్నారు. నవ్వనిచ్చింది. మణికట్టు వాచింది, రాత్రికి కాపడం పెట్టుకుని పొద్దున్నే వచ్చింది.

మూడు వారాలకు కట్లు విప్పారు. మేనేజరు ఫోనులో ఫొటోలు తీసుకుంటూ దగ్గరుండి చూసింది. పాత కత్తి నాలుగు వరసల్లో ఇరవై మూడు పోయాయి. మొదటి వరసలో ఎడమ కొసన, రెండో వరసలో కుడి కొసన, మళ్లీ ఎడమన, మళ్లీ కుడిన. కొత్త కత్తి ఎనభైలో రెండే పోయాయి, అవీ నడి వరసలో. "ఆ రెండూ కత్తివి కాదు, నా చెయ్యి వంకర పోయినవి" అంది నిమ్మక్క. ఎనభైలో డెబ్భై ఎనిమిది పట్టడం ఆ నర్సరీలో అంతకుముందు లేదు. ఫొటోలు పైకి వెళ్లాయి. విభాగం ఉంటుందనీ, ఇకమీదట అక్కడ ఎవరు అంటు కట్టినా విప్పి కడిగే కత్తితోనే కట్టాలనీ కబురొచ్చింది. నీళ్ల బాబాయి మర్నాటి నుంచి గేటు పని మాని తన గొట్టమే పట్టుకోవచ్చన్నారు.

"ఆయన గేటు దగ్గర ఎన్ని రోజులు మోశాడు మేడమ్?" అని అడిగింది నిమ్మక్క.

మేనేజరు హాజరు పుస్తకం చూసింది. "ముప్పై ఎనిమిది."

"అంటు పొద్దున పూటే కడతాం. మధ్యాహ్నాలు నాకు ఖాళీ. ముప్పై ఎనిమిది మధ్యాహ్నాలు నేను గేటు దగ్గర మోస్తాను."

"ఎవరూ అడగలేదు కదా నిమ్మక్కా!"

"అందుకే నేనే అడుగుతున్నాను."

మేనేజరు వాదించి చూసి ఊరుకుంది. మొదటి మధ్యాహ్నానికే నిమ్మక్కకు తెలిసొచ్చింది. తడి మట్టి నిండిన కుండీ చూడ్డానికి ఇంతే, ఎత్తితే నడుము విరుగుతుంది. అరవై దాటిన మోకాళ్లతో ఆయన రోజుకు రెండు వందలు ఎక్కించాడు. కుండీల కట్టల పురికొస కోయడానికి ఆమె పాత కత్తి తీసింది. రోగమున్న జిగురుకు పురికొసతో పని లేదు. తుమ్మెద మీద బొటనవేలు పెట్టి కోస్తుంటే, నీళ్ల బాబాయి వచ్చి గేటు పక్క గట్టు మీద కూర్చున్నాడు. కాళ్లకు బూట్లున్నాయి.

"నడుం వంచి ఎత్తకు. మోకాళ్లు వంచి ఎత్తు" అన్నాడు.

ఆమె అలాగే ఎత్తింది. వ్యాన్లో పెట్టి వచ్చి, ఎదురుగా నిలబడింది. "బాబాయ్, ఒక మాట అడుగుతాను. ఆ రోజు షెడ్డులో కత్తిదే తప్పన్నాను. నీకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఎందుకు?"

ఆయన బూటుకంటిన మట్టిని పుల్లతో గీక్కుంటూ అన్నాడు. "నాకు ముందే తెలుసు కదా."

"ఎప్పుడు తెలుసు?"

"అవి నల్లబడ్డ మూడో రోజునే. ప్రతి మొక్క దగ్గరా రోజూ ఆగేది నేనే కదమ్మా. ఒక వరసలో ఈ కొస, ఇంకో వరసలో ఆ కొస. నా గొట్టం అలా పోదు, నీ పీట అలా పోతుంది."

నిమ్మక్క చేతిలోని పురికొస కింద పడింది. "మరి నువ్వు చెప్పొచ్చు కదా బాబాయ్! ముప్పై ఎనిమిది రోజులు ఈ కుండీలు ఎందుకు మోశావు?"

"నువ్వు నన్ను అడగలేదమ్మా. చెప్పావు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, గడియారంలో టైము చెప్పినట్టు చెప్పాడు. "ఇరవై మూడేళ్లలో ఒక్కసారైనా మొక్కలెలా ఉన్నాయి బాబాయ్ అని అడిగావా? ఇంత పెట్టు, అంత పెట్టు అంటావు. నేను పెడతాను. ఆ రోజూ అంతే. అడగని మనిషికి ఏం చెప్పను?"

ఆయన లేచి, మోకాలు ఒకసారి తట్టుకుని, మళ్ల వైపు వెళ్లిపోయాడు. నిమ్మక్క వ్యాను నిండేదాకా మోసింది. ఆ సాయంత్రం కూతురు పలకరిస్తే సరిగా పలకలేదు. పాత కత్తి సందుల్లోంచి తీసిన జిగురు దారాలే కళ్లలో మెదులుతున్నాయి. ఎన్నేళ్లది పేరుకుందో తనకే తెలియదు.

మర్నాడు పొద్దున కొత్త మడిలో మొదటి వరస ముగించింది. నాణెంతో స్క్రూ విప్పింది, నాలుగు ముక్కలూ తుడిచింది, బిగించి, మడిచింది. రెండో వరస కొసన పీట వేయబోయి ఆగింది. గొట్టం పట్టుకుని అవతలి మడిలో ఉన్న మనిషి వైపు నడిచి వెళ్లింది.

"బాబాయ్" అంది. ఇంకో అడుగు ముందుకేసి మళ్లీ అంది. "మొక్కలెలా ఉన్నాయి?"

ఆయన గొట్టం మడిచి పట్టుకున్నాడు, ధార ఆగింది. మడిని ఈ కొస నుంచి ఆ కొస దాకా తీరిగ్గా చూడసాగాడు. కట్టాల్సిన మొక్కలు ఇంకా రెండు వందల ఎనభై ఉన్నాయి, ఎండ ఎక్కుతోంది. నిమ్మక్క కత్తి జేబులో వేసుకుని, ఆయన చెప్పేదాకా అక్కడే నిలబడింది.